కారు రంగుకు ఎంత మైనం చాలు? – ఒక వైద్యుని ఆలోచన

ఆరోగ్య విషయాలకే కేటాయించిన ఈ శీర్షికలో కారు రంగు గురించి, దానికి పూసే మైనం గురించి ప్రస్తావన ఏమిటని కొందరు పాఠకులకు అనిపించవచ్చు. ఇందుకు నాకు మూడు కారణాలు ఉన్నాయి. కారు రంగుకు తగిన పూతను ఎంచుకోవడమూ రోగికి తగిన మందును ఎంచుకోవడమూ ఒకే విధమైన ఆలోచనతో సాగవలసిన పనులు కావడం మొదటి కారణం. కారుకు పూసే పదార్థాలు పూసేవాని చర్మానికీ, ఊపిరితిత్తులకూ, ఇంట్లోని పసిపిల్లలకూ తగలడం రెండవది. ఇక మూడవది నా సొంత విషయం. ప్రభుత్వ కొలువు నుండి విరమించి ధర్పల్లిలో స్థిరపడిన నాకు పదకొండేళ్ళ వయసున్న ఒక ఎర్రని చిన్న కారు ఉంది. చూపు, చేయి సహకరించినంత కాలం దానినే నడుపుకోవాలని నా కోరిక. డెబ్బై దాటిన మనిషికి కొత్త కారు కొనే ఉత్సాహం కన్న ఉన్నదానిని కాపాడుకునే శ్రద్ధే ఎక్కువగా ఉంటుంది.

ముందుగా మన శరీరంలోని మైనం సంగతి చూద్దాం. తల్లి గర్భం నుండి వెలువడిన శిశువు ఒంటిపై తెల్లని, జిడ్డైన పూత ఒకటి ఉంటుంది. వైద్యశాస్త్రంలో దానిని ‘వెర్నిక్స్’ అంటారు. ఆ లాటిన్ మాటకు అర్థం వార్నిష్! తొమ్మిది నెలలు ఉమ్మనీటిలో నానిన లేత చర్మాన్ని కాపాడడానికి ప్రకృతి పూసిన వార్నిష్ అది. పుట్టిన తరువాత కూడా ఆ పూత చర్మంలోని తేమను నిలుపుతుంది, సూక్ష్మక్రిములను కొంతవరకు అడ్డుకుంటుంది. శిశువుకు మొదటి స్నానం 24 గంటల వరకు వాయిదా వేయమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పడానికి గల కారణాలలో ఇదొకటి. బిడ్డ ఒళ్ళు చల్లబడకుండా చూడడం మరొకటి. పుట్టిన గంటలోనే వేడినీళ్ళు పోసి సున్నిపిండితో నలిచే పెద్దమ్మలకు ఈ మాట చెప్పి ఒప్పించడం నా ఉద్యోగ జీవితంలోని కష్టమైన పనులలో ఒకటి.

పెద్దవారి చర్మమూ అంతే. మన చర్మపు పైపొరలో మృతకణాలు ఇటుకల వలె పేర్చి ఉంటాయి. వాటి మధ్యన కొవ్వు పదార్థాలు సున్నం వలె పరచుకొని ఉంటాయి. ఆ కొవ్వులలో ముఖ్యమైన దాని పేరు సెరమైడ్. మైనాన్ని లాటిన్ భాషలో ‘సెరా’ అంటారు. ఆ మాట నుండి ఈ పేరు వచ్చింది. చెవిలోని గులిమి కూడా రక్షణ కోసం ఉన్న మైనమే. పిన్నీసులతో, పుల్లలతో దానిని తవ్వి తీయవలదని నేను ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. మొక్కలకూ ఈ ఏర్పాటు ఉంది. తామరాకు మీద నీటిబొట్టు అని మనం వైరాగ్యాన్ని గురించి చెప్పుకుంటాం గాని, ఆ బొట్టు నిలవక జారిపోవడానికి కారణం ఆకు పైనున్న అతి సూక్ష్మమైన బుడిపెలు, వాటిని కప్పిన మైనం. జర్మనీ వృక్షశాస్త్రజ్ఞులు బార్ట్‌లాట్, నైన్‌హూయిస్ 1997లో దీనిని వివరించిన తరువాత ‘లోటస్ ఎఫెక్ట్’ అనే పేరు లోకమంతటా వ్యాపించింది. నీటిని, మురికిని నిలవనీయని పలుచని మైనపు పొర అనేది సృష్టిలో పాత ఉపాయమేనని చెప్పడానికే ఇదంతా.

ఇక కారు చర్మం సంగతి. ఉక్కురేకు మీద తుప్పును ఆపే పూత, దానిపై ప్రైమర్, దానిపై అసలు రంగు, అన్నిటికన్న పైన రంగులేని పారదర్శకమైన పొర ఉంటాయి. ఈ చివరిదానిని క్లియర్ కోట్ అంటారు. దాని మందం సాధారణంగా 40 నుండి 50 మైక్రాన్లు. మన తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు ఉంటుందనుకుంటే, మనం మెరుపు మెరుపు అని మురిసిపోయే పొర వెంట్రుక కన్న పలుచన అన్నమాట. ఎండలోని అతినీలలోహిత కిరణాలను తట్టుకునే రసాయనాలను తయారీలోనే ఈ పొరలో కలుపుతారు. మన చర్మానికి, దీనికి ఒక పెద్ద భేదం ఉంది. మన చర్మం నెలకొకసారి తనను తాను కొత్తగా అల్లుకుంటుంది. కారు చర్మం అట్లా చేయలేదు. ఒకసారి అరిగితే అరిగినట్లే.

అందువల్ల మొదట తెలుసుకోవలసింది పాలిష్‌కు, మైనానికి ఉన్న తేడా. రెండింటినీ మన దుకాణాలలో ఒకే మాటతో పిలుస్తారు. రబ్బింగ్ కాంపౌండ్, పాలిష్ అనేవి సన్నని రాపిడి పొడి కలిసిన ముద్దలు. అవి గీతల చుట్టూ ఉన్న క్లియర్ కోట్‌ను కొంచెం అరగదీసి ఉపరితలాన్ని సమం చేస్తాయి. మెరుపు వస్తుంది, పొర మాత్రం తగ్గుతుంది. మైనం, సీలెంట్ అనేవి దేనినీ తీయవు. ఉన్నదానిపై మరొక పలుచని పొరను చేరుస్తాయి. పండుగ పండుగకూ పాలిష్ కొట్టించడం, కురుపు మానక ముందే పొక్కును పదే పదే గీకడం వంటిది. గీతలు కంటికి బాధ కలిగించేటంతగా ఉన్నప్పుడు ఏ కొన్నేళ్ళకో ఒకసారి చేయించవలసిన పని అది.

రోగికి మందు వ్రాసే ముందు రోగమేమిటో తెలియాలి. మన ప్రాంతంలో కారు రంగుకు ఉన్న రోగాలు ఏమిటి? మొదటిది ఎండ. మే నెలలో నిజామాబాద్ జిల్లా ఎండ 45 డిగ్రీలు దాటిన రోజులు ఉంటాయి. ఆ ఎండలో నిలిపిన ముదురు రంగు కారు పైకప్పు గాలి కన్న ఎంతో వేడెక్కుతుంది. రెండవది బోరునీటిలోని ఉప్పదనం. గీజర్ లోపల, బిందె అడుగున తెల్లగా కట్టే సున్నమే కారుపై చుక్కలు చుక్కలుగా మిగిలిపోతుంది. మూడవది పక్షుల రెట్ట. అందులోని యూరిక్ ఆమ్లం, గింజల తునకలు ఎండవేడికి రంగులోకి దిగి మచ్చ చేస్తాయి. నాలుగవది వేప, చింత చెట్ల కింద కారే బంక. ఐదవది వానాకాలపు రాత్రి 44వ నంబరు జాతీయ రహదారి మీద ప్రయాణిస్తే ముందు భాగమంతా అంటుకునే పురుగులు. చివరిది దుమ్ము. పసుపు తవ్వి, ఉడికించి, ఆరబెట్టి, డ్రమ్ముల్లో తిప్పి మెరుగుపెట్టే కాలంలో మా ఊళ్ళలో దుమ్ముకు కొదువ ఉండదు.

ఈ ఆరింటిలో మైనం దేనికి పనిచేస్తుంది? రెట్ట, బంక, పురుగు, ఉప్పునీరు – వీటికి బాగా పనిచేస్తుంది. అవి నేరుగా రంగును తాకక ముందు మైనపు పొరను తాకుతాయి. కడిగినప్పుడు తేలికగా వదులుతాయి. దుమ్ము విషయంలో కొంత సహాయం. ఎండ విషయంలో మాత్రం మైనం చేసే మేలు బహు స్వల్పం. ఎండకు అసలైన మందు నీడ. పదివేల రూపాయల పూత పూసి నడి ఎండలో నిలిపిన కారు కన్న, ఏ పూతా లేకుండా రేకుల షెడ్డు కింద నిలిపిన కారు ఎక్కువ కాలం రంగు నిలుపుకుంటుంది. కారు కోసం డబ్బు ఖర్చు చేయదలచిన వారు మొదటి రూపాయిని నీడ మీద పెట్టాలి.

ఇప్పుడు మందుల వరుస చూద్దాం.

మొదటిది కార్నౌబా మైనం. ఈశాన్య బ్రెజిల్‌లో పెరిగే ఒక తాటిజాతి చెట్టు ఆకుల నుండి ఇది లభిస్తుంది. ఆకులను కోసి, ఎండబెట్టి, దులిపితే మైనం పొడిగా రాలుతుంది. ప్రకృతిలో దొరికే మైనాలలో ఇది మిక్కిలి గట్టిది. తేనెమైనం 62 నుండి 64 డిగ్రీల వద్ద కరిగిపోతే, ఇది 82 నుండి 86 డిగ్రీల వరకు నిలుస్తుంది. మన ఎండలకు తేనెమైనం ఒక్కటే ఎందుకు చాలదో దీన్నిబట్టి గ్రహించవచ్చు. పాఠకులకు ఒక విశేషం చెబుతాను. ఈ కార్నౌబా మైనాన్ని మీరు మింగి ఉంటారు. పూత పూసిన మాత్రలు నిగనిగలాడడానికి మందుల కర్మాగారాలలో తిరిగే పాత్రలలో వాటిని వేసి చివరగా ఈ మైనంతో మెరుగుపెడతారు. చాక్లెట్ బిళ్ళల మెరుపూ చాలావరకు దీనిదే. ఆహార పదార్థాలలో దీని గుర్తు ఇ903. అంతమాత్రాన కారు మైనం డబ్బా తినదగినదని కాదు. అందులో మైనాన్ని మెత్తబరచడానికి కలిపిన పెట్రోలియం ద్రావకాలు ఉంటాయి. ఈ రకం పూత రెండు నెలలు నిలిస్తే గొప్ప. మన వేసవిలో ఇంకా తక్కువ.

రెండవది సీలెంట్. ఇది చెట్టు నుండి వచ్చినది కాదు, కర్మాగారంలో చేసిన పాలిమర్. మెరుపులో కార్నౌబాకు ఒక మెట్టు తక్కువని కొందరు అంటారు గాని నా కంటికి ఆ తేడా కనబడలేదు. నిలవడంలో మాత్రం ఇదే మేలు. నీడలో ఉంచే కారుపై సాధారణంగా నాలుగు నుండి ఆరు నెలలు నిలుస్తుంది. ధర కొన్ని వందల రూపాయలు. ఒక సీసా చిన్న కారుకు రెండు మూడు సంవత్సరాలు వస్తుంది.

మూడవది సెరామిక్ కోటింగ్. సిలికా ఆధారంగా పనిచేసే ద్రవం ఇది. గట్టిపడి రంగుకు అంటుకొని కొన్ని సంవత్సరాలు ఉంటుంది. మేలైనదే, కాదనను. అయితే వేయడానికి ముందు రంగును పూర్తిగా శుభ్రపరచి పాలిష్ చేయాలి. చేయి తిరిగిన పనివాడు కావాలి. ఖర్చు వేలల్లో, కొన్నిచోట్ల పదుల వేలల్లో ఉంటుంది. ప్రకటనలో కనిపించే ‘9హెచ్’ అనే మాటను చూసి వజ్రపు కాఠిన్యానికి దగ్గర అని పొరబడవద్దు. అది పెన్సిల్ ములుకుతో గీసి చూసే పరీక్షలోని కొలత. ఖనిజాల కాఠిన్యానికి వాడే కొలమానం కాదు. పెద్ద గులకరాయి తగిలితే ఏ కోటింగైనా ఒకటే. వేసిన తరువాత కడగనవసరం లేదన్న మాటా నిజం కాదు.

నాలుగవది, మన పట్టణాలలో ఏళ్ళుగా అమ్ముడుపోతున్న ‘టెఫ్లాన్ కోటింగ్’. వంటపాత్రలకు ఈ పదార్థాన్ని పట్టించాలంటే కర్మాగారపు కొలిమిలో కాల్చాలి. అది కరిగే వేడి సుమారు 327 డిగ్రీలు. ఆ వేడి కారు రంగుకు పెట్టలేము. కనుక ఆ పేరుకు అదనంగా డబ్బు చెల్లించడానికి నాకు కారణం కనబడలేదు.

1977లో ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర ఔషధాల తొలి జాబితాను ప్రకటించింది. మార్కెట్లో వేల మందులు ఉన్నా, జనంలో అధికభాగం రోగాలకు సుమారు 200 చాలునని అది లోకానికి చెప్పింది. మందును ఎంచుకునేటప్పుడు నాలుగు ప్రశ్నలు వేసుకోవాలని మాకు తరువాతి కాలంలో నేర్పారు. ఇది పనిచేస్తుందా? హాని లేనిదా? ఈ రోగికి తగినదా? ఖర్చు భరించదగినదా? ఈ నాలుగు ప్రశ్నలనూ నా కారుకు వేసి చూశాను. పదకొండేళ్ళ కారు, నెలకు నాలుగైదు వందల కిలోమీటర్ల ప్రయాణం, రేకుల నీడ, ఒక ముసలివాని చేతులు, పింఛను రాబడి. జవాబు స్పష్టంగానే వచ్చింది: ఏడాదికి మూడుసార్లు చేత్తో పూసే సాధారణమైన సీలెంట్ చాలు. కొత్తగా ఖరీదైన కారు కొని, ఎండలోనే నిలుపుకోవలసిన వారికి సెరామిక్ తగవచ్చు. రోగిని బట్టి మందు.

ఈ లెక్క వేసుకోవడానికి ప్రేరేపించినవాడు మా ఊరి దగ్గర కార్లు కడిగే ఒక యువకుడు. ఇరవై ఆరేళ్ళుంటాయి. నా కారు చూసి, “సారూ, గీ కోటింగ్ ఒక్కసారి చేపిస్తే ఐదేండ్ల దాంక మల్ల సూసుడే ఉండది” అన్నాడు. ఖర్చు అడిగాను. ఇరవై రెండు వేలన్నాడు. నేను కోటింగ్ సంగతి పక్కన పెట్టి, “చేతులు చూపించు బిడ్డా” అన్నాను. వేళ్ళ సందులు ఎర్రగా ఒరిసిపోయి ఉన్నాయి. అరచేతులు ఎండిన చెరువు అడుగు వలె బీటలు వారి ఉన్నాయి. “నీళ్ళు పడ్తలేవు సారూ, వానకాలమొస్తే ఇంక ఎక్కువైతది” అన్నాడు.

నీళ్ళు పడకపోవడం కాదు అది. బట్టలుతికే సబ్బుపొడి, గ్యాస్‌నూనె, పాలిష్‌లోని ద్రావకాలు – ఇవి కారు మీది జిడ్డును తీసినట్లే చేతి చర్మంలోని మైనాన్నీ తీసివేస్తాయి. ఇటుకల మధ్య సున్నం కరిగిపోయిన గోడ వలె చర్మం పగులుతుంది. పగుళ్ళలోకి మరింత రసాయనం దిగుతుంది. వైద్యంలో దీనిని కాంటాక్ట్ డెర్మటైటిస్ అంటారు. పూతమందు వ్రాసి ఇచ్చాను. అయితే కారణాన్ని తొలగించనిదే మందు ఒక నెల నాటకమే అవుతుందని కూడా చెప్పాను. నైట్రైల్ చేతితొడుగులు వేసుకోవాలి. సబ్బుపొడికి బదులు కారు షాంపూ వాడాలి. మరకలు తీయడానికి గ్యాస్‌నూనెలో చేతులు ముంచరాదు. పని ముగిసిన తరువాత చేతులు కడిగి వేజలీన్ వంటిది గాని కొబ్బరినూనె గాని రాయాలి. ఇతరుల కార్లకు మైనం పూసేవాడు తన చేతులకు పూసుకోకపోతే ఎట్లా?

అతని షెడ్డుకు వెళ్ళినప్పుడు నన్ను కలవరపెట్టింది మాత్రం చేతులు కాదు. నేల మీద, గోడ వారగా, కూల్‌డ్రింక్ సీసాలో నిలువ ఉంచిన గ్యాస్‌నూనె. పక్కనే అతని మూడేళ్ళ కూతురు ఆడుకుంటున్నది.

వంటగ్యాస్ ఇంటింటికీ రాని రోజులలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలలో పనిచేసిన ప్రతి వైద్యునికీ ఆ సీసా అర్థం తెలుసు. ఒక వేసవి మధ్యాహ్నం రెండేళ్ళ బాలుణ్ణి బండి మీద తీసుకొని వచ్చారు. దాహమై, సీసాలోనిది నీళ్ళనుకొని తాగాడు. తాగింది రెండు గుక్కలే. ఇంటివారు భయపడి ఉప్పునీళ్ళు తాగించి వాంతి చేయించారు. ఆ వాంతిలో గ్యాస్‌నూనె ఊపిరితిత్తులలోకి వెళ్ళింది. జిల్లా ఆసుపత్రికి పంపాము. రెండవ రోజు ఆ పిల్లవాడు దక్కలేదన్న వార్త వచ్చింది. గ్యాస్‌నూనె, టర్పెంటైన్, థిన్నర్, ద్రావకం కలిసిన పలుచని కారు పాలిష్ – ఇవన్నీ ఒకే కుటుంబానికి చెందినవి. వీటి ప్రమాదం కడుపులో కన్న ఊపిరితిత్తులలో ఎక్కువ. నీళ్ళ కన్న తేలికగా జారి శ్వాసనాళంలో దిగి, అక్కడ న్యుమోనియాను కలిగిస్తాయి.

కనుక పాఠకులందరూ ఈ నాలుగు మాటలు గుర్తుంచుకోవాలని ప్రార్థన. పిల్లలు ఇటువంటిది తాగితే వాంతి చేయించవద్దు. పాలు, నూనె, ఉప్పునీళ్ళు, మజ్జిగ ఏదీ పోయవద్దు. తడిసిన బట్టలు విప్పి ఒళ్ళు సబ్బుతో కడగండి. పిల్లవాడు బాగానే ఉన్నట్లు కనిపించినా 108కి ఫోను చేసి, డబ్బాను కూడా వెంటబెట్టుకొని ఆసుపత్రికి వెళ్ళండి. దగ్గు, ఆయాసం కొన్ని గంటల తరువాత మొదలుకావచ్చు గనుక కనీసం ఆరు గంటలు వైద్యుల కళ్ళ ముందు ఉండాలి. ఇంతకన్న ముఖ్యమైనది మరొకటి: తాగే పదార్థం వచ్చిన సీసాలో తాగకూడనిది ఎన్నడూ పోయవద్దు.

ఇతర ప్రమాదాలనూ క్లుప్తంగా చెబుతాను. మూసిన గదిలో పాలిష్ చేస్తే ద్రావకాల ఆవిరికి తలనొప్పి, తల తిరగడం కలుగుతాయి. తలుపులు తెరిచి చేయాలి. చక్రాల మరకలు తీసే కొన్ని ద్రవాలలో హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం గాని దాని లవణాలు గాని ఉంటాయి. అది చర్మానికి తగిలిన వెంటనే నొప్పి తెలియకపోవచ్చు; గంటల తరువాత లోపలి కణజాలాన్ని తినివేస్తుంది. ఎక్కువ నీటితో కడిగి ఆసుపత్రికి వెళ్ళాలి. దానికి విరుగుడు కాల్షియం గ్లూకోనేట్. డబ్బా మీద ఆ పేరు ఉంటే ఇంటికి తీసుకురాకపోవడమే మంచిది. రెండు భాగాలు కలిపి పిచికారీ చేసే క్లియర్ కోట్‌లో ఐసోసయనేట్లు ఉంటాయి. పెయింటర్లకు ఉబ్బసం కలిగించే ప్రధాన కారణాలలో అవి ఒకటి. ముఖానికి కట్టుకున్న దస్తీ వాటిని ఆపదు. ఇక బ్రేకు డిస్కులపై, మోటారుసైకిలు సీటుపై, టైరు నేలను తాకే భాగంపై మైనం గాని మెరుపు ద్రవం గాని పడరాదు. అక్కడ జారుడు అంటే ప్రాణాపాయం.

పసుపు పండే సీమలో ఉండి పసుపు సంగతి చెప్పకుండా కారు రంగు గురించి వ్రాయలేను. జాతీయ పసుపు బోర్డు 2025 జనవరి 14న ప్రారంభమై, నిజామాబాద్ దానికి కేంద్ర కార్యాలయమైంది. మన పసుపు కొమ్ములను డ్రమ్ములో తిప్పి మెరుగుపెట్టడం పైతోలును, వేళ్ళను రాపిడితో తీసివేయడమే. కారుకు కొట్టే పాలిష్ వంటిదే అది. అందులో చేర్చేది ఏమీ ఉండకూడదు. కొన్ని దేశాలలో మాత్రం లెడ్ క్రోమేట్ అనే పచ్చని రంగును చేర్చిన సందర్భాలు బయటపడ్డాయి. అది అసలు పెయింట్ల కోసం పుట్టిన రంగు. అమెరికాలో బడి బస్సుల పసుపుదనం చాలాకాలం దాని నుండే వచ్చింది. బంగ్లాదేశ్‌లో గర్భిణుల రక్తంలోని సీసానికి కారణం వెతుకుతూ వెళ్ళిన పరిశోధకులు చివరకు పసుపు దగ్గర ఆగారు. 2019లో అక్కడి మార్కెట్ నమూనాలలో 47 శాతంలో సీసం కనిపించింది. ప్రభుత్వం గట్టిగా పట్టుకోగా 2021 నాటికి అది సున్నాకు చేరింది. సీసం పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. పోయినది తిరిగి రాదు. కొనేవారు అతిగా మెరిసే, అతిగా పచ్చనైన కొమ్మునే కోరుకున్నంత కాలం ఆ మెరుపును అమ్మేవాడు ఎక్కడో ఒకచోట పుడతాడు. మట్టి రంగు కొంచెం మిగిలిన కొమ్మును చూసి ముఖం తిప్పుకోకపోవడం మన వంతు.

మన దేశంలో ఇంటి రంగులలో సీసం 90 పీపీఎం మించరాదన్న నియమం 2017 నవంబరు నుండి అమలులో ఉంది. అది ఇళ్ళకు, అలంకరణకు వాడే రంగులకు సంబంధించినది. వాహనాల రంగులకు కాదు. కనుక పాత పసుపు రంగు ట్రాక్టరును, ఆటోను పొడిగా గీకి దుమ్ము లేపవద్దు. తడిపి గీకండి, ఆ చుట్టుపక్కల పిల్లలు లేకుండా చూడండి.

దసరా వాహనపూజ సంగతి కూడా చాలామంది అడుగుతారు. మంచి పసుపు మరక ఎండకు తానే వెలిసిపోతుందని బట్టలుతికే ప్రతి ఇల్లాలికీ తెలుసు. చిక్కు వచ్చేది కుంకుమతో. పసుపును సున్నంతో కలిపి చేసిన కుంకుమ వేరు, రసాయనపు రంగు కలిపిన కుంకుమ వేరు. రెండవది తెల్లకారుపై గులాబీ మచ్చగా నిలిచిపోతుంది. పూజకు రెండు రోజుల ముందు కారు కడిగి మైనం పూసి ఉంచితే, మరునాడు తడిగుడ్డతో తుడిచినా పోతుంది. కొబ్బరినీళ్ళు, నిమ్మరసం ఆ సాయంత్రమే కడిగివేయాలి. భక్తికి గాని, రంగుకు గాని లోపం రాదు.

పూసే పద్ధతి చెప్పి ముగిస్తాను. ఉదయం గాని సాయంత్రం గాని, రేకు చల్లగా ఉన్నప్పుడు, నీడలో చేయాలి. ముందుగా నీళ్ళు పోసి దుమ్మును వదిలించి, రెండు బకెట్లు పెట్టుకొని – ఒకటి షాంపూకు, ఒకటి గుడ్డ జాడించడానికి – పై నుండి కిందికి కడగాలి. దుమ్ము మీద పొడిగుడ్డతో తుడిస్తే సన్నని గీతలు పడతాయి. బోరునీళ్ళు ఆరక ముందే మెత్తని గుడ్డతో అద్దాలి. తరువాత చేతికి పలుచని ప్లాస్టిక్ సంచి తొడుక్కొని రంగుపై నెమ్మదిగా తడమండి. వట్టి చేతికి తెలియని గరుకు అప్పుడు తెలుస్తుంది. రోగి పొట్టను తడిమి చూసినంత శ్రద్ధగా చేయవలసిన పని అది. గరుకు ఉన్నచోట మరొకసారి శుభ్రం చేయాలి. అటుపిమ్మట బిళ్ళంత సీలెంట్ తీసుకొని ఒక్కొక్క తలుపుకు వీలైనంత పలుచగా పూసి, డబ్బాపై చెప్పినంత సేపు ఆగి, శుభ్రమైన మైక్రోఫైబర్ గుడ్డతో తుడవాలి. మందంగా పూస్తే ఎక్కువ కాలం ఉంటుందనుకోవడం, రెండు మాత్రలు వేసుకుంటే జ్వరం రెట్టింపు వేగంతో తగ్గుతుందనుకోవడం వంటిది. నల్లని ప్లాస్టిక్ భాగాలకు తగలనీయవద్దు, తెల్లని మరక మిగులుతుంది.

ఎప్పుడు చేయాలో గుర్తుండడానికి నేను మూడు కాలాలు పెట్టుకున్నాను: శివరాత్రికి, అంటే ఎండలు ముదరక ముందు ఒకసారి, మృగశిర కార్తెకు, అంటే వానలకు ముందు ఒకసారి, దసరాకు ఒకసారి. కారుపై పడిన నీరు గుండ్రని బొట్లుగా జారక, పలకగా పరచుకుంటే పూత అరిగిందని గుర్తు. రెట్ట పడితే మాత్రం పండుగ దాకా ఆగవద్దు. తడిగుడ్డను ఐదు నిమిషాలు దానిపై వేసి, నానిన తరువాత ఎత్తివేయండి. గీకవద్దు.

ఈ పనికి నాకు రెండు గంటలు పడుతుంది. నా వయసు వారికి భుజాలు, నడుము, వేళ్ళు కదిలించే మంచి వ్యాయామం. మోకాళ్ళ నొప్పి ఉన్నవారు కింది భాగానికి చిన్న పీట వేసుకొని కూర్చోవాలి. ఆ యువకుని చేతుల పగుళ్ళు ఇప్పుడు చాలావరకు మానాయి. తొడుగులు వేసుకుంటున్నాడు, మరచిన రోజు మళ్ళీ దురద పెడుతుందని తానే చెబుతాడు. గ్యాస్‌నూనె ఇప్పుడు పాత డబ్బాలో, పై అటకమీద, మూత బిగించి ఉంది. కోటింగ్ చేయించుకోనందుకు అతనికి నా మీద కోపమేమీ లేదు. తన దగ్గరికి వచ్చే పాతకార్ల వారికి కొన్ని వందల రూపాయలకు సీలెంట్ పూయడం మొదలుపెట్టాడు, గిరాకీ బాగానే ఉందట.

మీ ఇంట్లో, మీ షెడ్డులో, మీ దుకాణం వెనుక తాగే సీసాలలో పోసి ఉంచిన ద్రవాలు ఏవైనా ఉన్నాయేమో ఈ రోజే ఒకసారి చూడండి. కారుకు మైనం రేపు పూయవచ్చు, ఆ పని మాత్రం ఈ రోజే చేయాలి.